గాలికి వదిలిన మూడు తాళ్లు

పోటీ పరీక్షల పుస్తకంలో ఇంగ్లీషు విభాగం తెరిస్తే రెండు నిలువు గడులు కనిపిస్తాయి. ఎడమ గడిలో జాతీయం, కుడి గడిలో దాని అర్థం. 'కిక్ ద బకెట్' పక్కన 'మరణించుట'. 'స్పిల్ ద బీన్స్' పక్కన 'రహస్యము వెల్లడించుట'. 'బైట్ ద బుల్లెట్' పక్కన 'కష్టమును ఓర్చుకొనుట'. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షకో బ్యాంకు పరీక్షకో చదివే పిల్లలు హైదరాబాదు అశోక్‌నగర్ గదుల్లో కూర్చుని ఈ గడులను వరసబెట్టి బట్టీ కొడుతుంటారు. బకెట్టుకీ చావుకీ ఏం చుట్టరికం అని అడిగే తీరిక వాళ్లకుండదు. తప్పు జవాబుకు మార్కు కోత కూడా ఉంటుంది మరి.

నేనూ అలా నేర్చుకున్నవాణ్నే. అయితే ఆ గడుల్లో నాకు ఎప్పుడూ ముందు కనిపించేది ఎడమవైపు బొమ్మ. 'కిక్ ద బకెట్' అనగానే ఇప్పటికీ మా స్నానాలగదిలోని నీలం ప్లాస్టిక్ బకెట్టు దొర్లుకుంటూ పోతుంది. దాన్ని తన్నినవాడు ఎందుకు చచ్చిపోతాడో ఎంతకీ అంతుపట్టేది కాదు. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన లండన్ వీధి మాటలన్నీ ఏరి 1785లో వేసిన నిఘంటువులోనే ఈ మాట ఉంది. అది నీళ్ల బకెట్టు కాదు, కోయబోయే పందిని కాళ్లు కట్టి వేలాడదీసే దూలం అని ఒక వివరణ. ఇంగ్లండులో కొన్ని పల్లెల్లో ఆ దూలానికి అదే పేరట. ప్రాణం పోయే ముందు పంది గింజుకుంటూ దాన్ని తన్నేది. ఈ వివరణే నిజమైతే మా స్నానాలగది బొమ్మ చాలా సాత్వికమైనది. తమాషా ఏమిటంటే, ఆ మాట రోజూ వాడే ఇంగ్లీషువాడికి బకెట్టూ కనిపించదు, దూలమూ కనిపించదు, పందీ కనిపించదు. పోయాడు అన్న కబురొక్కటే వినిపిస్తుంది.

బొమ్మ చెరిగిపోయి అర్థం ఒక్కటే మిగిలితే ఆ మాట జాతీయం అవుతుందని నా లెక్క. సొంతవాళ్లు అర్థాన్ని వింటారు. పరాయివాడు బొమ్మను చూస్తాడు. భాష వచ్చేకొద్దీ వాడికీ ఆ చూపు మందగించి, చివరికి సొంతవాళ్లతో సమానమవుతాడు. అందుకని ఇంగ్లీషు జాతీయాలను నిజంగా కళ్లారా చూసే అదృష్టం ఇంగ్లీషువాళ్లకు లేదు. అది మనలాంటి అరకొర ఇంగ్లీషు వాళ్లకే దక్కింది.

ఇది ఒకవైపు వ్యవహారం కాదు. మా అన్న కూతురు న్యూజెర్సీలో పుట్టి పెరిగింది. తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడితే కాస్త తడబడుతుంది. ఒకసారి ఇక్కడికి వచ్చినప్పుడు మా అన్నయ్య ఎవరి గురించో ఫోనులో, "డబ్బు సంగతి అడిగితే నీళ్లు నములుతున్నాడు" అన్నాడు. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "బాబాయ్, నీళ్లు ఎలా నములుతారు?" అంది. నేను నోరు తెరిచి, మూసి, ఆ పిల్ల ఎదుట అక్షరాలా నీళ్లు నమిలాను. అన్నేళ్లుగా ఆ మాట వాడుతూ నేను ఒక్కసారీ ఆ దవడల కదలిక చూడలేదు. ఆ పూటంతా ఆ పిల్ల మా ఇంట్లో మాటలకు కాపలా కాసింది. చెవిలో పువ్వు పెట్టడం, కాళ్లకు బలపం కట్టుకుని తిరగడం, నెత్తిన పాలు పోయడం, ప్రతిదానికీ ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యేవి. నెత్తిన పాలు పోస్తే థ్యాంక్స్ ఎందుకు చెబుతారని అడిగింది. మాకెవరికీ జవాబు దొరకలేదు గానీ మా వదిన మాత్రం, "అడగవే, ఇంకా అడుగు, వీళ్లకి తిక్క కుదురుతుంది" అంది. తిక్క ఎలా కుదురుతుందో కూడా చెప్పాల్సొచ్చింది.

మన గైడు పుస్తకాల్లో అగ్రపీఠం జోరువానకు వాడే 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్'ది. 1738లో జోనథన్ స్విఫ్ట్ ఒక సంభాషణల పుస్తకం అచ్చు వేశాడు. సొంతంగా ఒక్క ముక్క ఆలోచించకుండా అరిగిపోయిన మాటలతోనే పొద్దుపుచ్చే పెద్దింటివాళ్లను వెక్కిరించడానికి రాసిన పుస్తకం అది. అందులో ఒక పాత్ర నోట ఈ పిల్లులూ కుక్కలూ రాలతాయి. అంటే దాదాపు మూడు వందల ఏళ్ల కిందటే స్విఫ్ట్ చెవికి అది పాచిమాట. ఆయన ఎగతాళి కోసం ఏరినదాన్ని మనం మార్కు కోసం ఏరుకుంటున్నాం.

దీని పుట్టుక మీద ఒక కథ కూడా ఉంది, 1999లో ఈమెయిళ్ల మీదెక్కి లోకమంతా తిరిగింది. పూర్వం ఇంగ్లండులో ఇళ్లన్నీ పూరిళ్లు, వెచ్చదనానికి పిల్లులూ కుక్కలూ కప్పులోకి దూరి పడుకునేవి, పెద్ద వాన వస్తే జారి కిందపడేవి, అందుకని ఆ మాట. చదువుకున్న దొరలెందరో నమ్మారు. పూరిల్లు ఎలా ఉంటుందో తెలిసిన మన పల్లెటూరివాడైతే మొదటి వాక్యం దగ్గరే ఆపేస్తాడు. పిల్లి కప్పెక్కుతుంది సరే, కుక్క ఎక్కడం ఎప్పుడు చూశారండీ? పైగా వాన నీరు జారిపోవడానికే కదా కప్పు అంత వాలుగా వేసేది. మనం మాత్రం తక్కువ తిన్నామా? 'కుండపోత' అని రోజూ పేపర్లో చదువుతాం, పైన కుండ పట్టుకుని నిలబడ్డది ఎవరని తలెత్తి చూడం.

పిల్లుల్నీ బకెట్లనీ పక్కన పెట్టండి. ఇంగ్లీషు జాతీయాల్లో నన్ను పట్టుకుని వదలనివి ఓడ మాటలు. 'త్రీ షీట్స్ టు ద విండ్' అంటే బాగా తాగి ఉన్నాడని. షీట్ అంటే దుప్పటో కాగితమో అనుకుంటాం. ఓడ భాషలో షీట్ అంటే గుడ్డ కూడా కాదు, తెరచాప కింది మూలను లాగి బిగించే తాడు. ఆ తాడు సడలితే చాప గాలిని పట్టుకోలేక టపటపా కొట్టుకుంటుంది. అలాంటివి మూడు తాళ్లు గాలికి వదిలేస్తే ఓడ ఎటు పోవాలో తెలియక తూలుతుంది. రమ్ము పట్టించి రేవు వీధిలో తూలుతూ వచ్చే తోటివాణ్ని చూసిన నావికులకు ఇంతకంటే సరైన మాట ఎక్కడ దొరుకుతుంది?

'టేకెన్ అబ్యాక్' అంటే నివ్వెరపోవడం. ఓడ పోతూ ఉండగా గాలి ఒక్కసారిగా దిశ మార్చి ఎదురుగా కొడితే తెరచాపలు వెనక్కి వంగి స్తంభానికి అతుక్కుపోతాయి. ఓడ నిలిచిపోతుంది, ఒక్కోసారి వెనక్కి కూడా నడుస్తుంది. ఆ కుదుపు తెలిసినవాడికి నివ్వెరపాటు అంటే ఏమిటో వేరే చెప్పాలా! 'బై అండ్ లార్జ్'ని మనం ఆఫీసు ఉత్తరాల్లో 'మొత్తం మీద' అనే అర్థంలో విచ్చలవిడిగా వాడతాం. గాలికి దాదాపు ఎదురెళ్లడం 'బై', గాలి వెనకనుంచి తోస్తూ ఉండగా పోవడం 'లార్జ్'. రెండు విధాలా బాగా నడిచే ఓడ మంచి ఓడ. చప్పగా ఉండే ఆ మూడు ముక్కల్లో సముద్రం మీది గాలులన్నీ ఇమిడి ఉన్నాయి.

'బిటర్ ఎండ్' నాకు అన్నిటికంటే ఇష్టం. చేదు ముగింపు అనుకుంటాం. లంగరు తాడును చుట్టి కట్టే గుంజలకు ఓడ మీద 'బిట్స్' అని పేరు. తాడులో ఓడ లోపలే ఉండిపోయే కొస 'బిటర్స్ ఎండ్' అని 1627లో అచ్చయిన తన నావికుల పుస్తకంలో జాన్ స్మిత్ రాశాడు. అమెరికాలో వర్జీనియా వలసలో పేరుబడ్డ స్మిత్తే ఈయన. లంగరు వదులుతూ వదులుతూ ఆ కొసదాకా వచ్చారంటే ఇంక వదలడానికి తాడు లేదు, కింద నేల తగిలిన జాడా లేదు. బైబిల్లో చేదైన ముగింపు ప్రస్తావన కూడా ఉంది కాబట్టి రెండూ కలిసిపోయి ఉండొచ్చని నిఘంటువుల వాళ్లు ఒక మెలిక పెడతారు. కలిస్తే కలవనివ్వండి. తాడు అయిపోవడంలో ఉన్న చేదు ఇంకెక్కడుంది?

'లూజ్ కేనన్' కథ వేరు. నోటికి అదుపు లేని రాజకీయ నాయకుల గురించి వాడే మాట ఇది. 1874లో విక్టర్ హ్యూగో ఫ్రెంచి విప్లవం మీద రాసిన 'తొంభై మూడు' నవలలో ఓడ మీది ఫిరంగి ఒకటి కట్లు తెంచుకుంటుంది. సముద్రం ఊపుకు అటూ ఇటూ దొర్లుతూ మనుషుల్ని నలుపుతుంది, మిగతా ఫిరంగుల్ని పగలగొడుతుంది. దాన్ని సరిగా కట్టని గన్నరే ప్రాణానికి తెగించి దాన్ని లొంగదీస్తాడు. ఓడలో ఉన్న ముసలి ప్రభువు ఆ గన్నరును పిలిచి, సాహసానికి గాను రొమ్మున పతకం తగిలిస్తాడు, అజాగ్రత్తకు గాను కాల్చి చంపమని ఆజ్ఞాపిస్తాడు. ఇంగ్లీషులో ఈ మాటకు ప్రాణం పోసింది ఆ ఫ్రెంచి నవలేనని చాలామంది నమ్మకం. నాకైతే పేపర్లో ఆ మాట కనిపించినప్పుడల్లా నాయకుడు కాదు, పతకం పెట్టుకుని చావుకు నడిచే ఆ గన్నరు కనిపిస్తాడు. పరాయివాడి చూపు అంటే ఇదే.

ఇన్ని ఓడ మాటలు మామూలు సంసారుల నోళ్లలోకి ఎలా వచ్చాయి? దీవి కాబట్టి అనడం సగం జవాబే. 1801లో ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండ్ కలిపి జనాభా కోటీ అయిదు లక్షలకు కాస్త అటూ ఇటూ. నెపోలియన్‌తో యుద్ధం ముదిరిన రోజుల్లో వాళ్ల నౌకాదళంలో ఉన్నవాళ్లే లక్ష దాటారు. సరుకుల ఓడలవాళ్లు దానికి అదనం. మనుషులు చాలకపోతే 'ప్రెస్ గ్యాంగులు' రేవు ఊళ్ల మీద పడి, పద్దెనిమిదికీ యాభై అయిదుకీ మధ్యవాళ్లను చేతికి దొరికినట్టు పట్టుకుపోయేవి. అలా పోయినవాడు తిరిగొచ్చాక ఏ పని చేసినా నోట ఓడ మాటే వస్తుంది. పిల్లలు అల్లరి చేస్తే 'పైప్ డౌన్' అంటాడు. సాయంత్రం ఓడ మీద బోసన్ ఈల ఊదితే అందరూ సద్దుమణిగి కిందికి పోవాలన్న హుకుం అది. పిల్లలకు ఓడ తెలియదు, నోరు మూసుకోవాలని మాత్రం తెలిసింది. వాళ్ల పిల్లలకు ఈల కూడా తెలియదు.

ఆ భాష మన దగ్గరికీ ఓడ మీదే వచ్చింది. ఈస్టిండియా కంపెనీ వారి 'గ్లోబ్' 1611లో మచిలీపట్నం రేవుకు చేరింది. అదే ఏడు లండన్‌లో కింగ్ జేమ్స్ బైబిల్ అచ్చయింది. ఇంగ్లీషు జాతీయాలకు ఓడ ఒక పుట్టిల్లయితే బైబిలు ఇంకొకటి. గోడ మీద రాత అనే మాట అక్కడిదే. రాజు విందులో ఉండగా ఒక చెయ్యి వచ్చి అతని రోజులు దగ్గరపడ్డాయని గోడ మీద రాసిపోతుంది. మన పేపర్లవాళ్లకు గోడ మీద రాత అంటే ఎన్నికల నినాదమే గుర్తొస్తుంది, వాళ్ల తప్పేం లేదు.

ఓడ పేరు చెబితే ఏ కథైనా చెల్లుతుందని కొందరు కనిపెట్టారు. దర్జాకు 'పాష్' అన్న మాట ఎలా వచ్చిందంటే మన దేశాన్నే సాక్ష్యం పిలుస్తారు. పి అండ్ ఓ కంపెనీ ఓడల్లో ఇండియాకు వచ్చేటప్పుడు ఎడమవైపు, తిరిగి పోయేటప్పుడు కుడివైపు గదులు ఎండ తగలక చల్లగా ఉండేవట. డబ్బున్న దొరల టిక్కెట్ల మీద 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు ముద్ర వేసేవారట. ఎంత అందమైన కథ! అలాంటి ముద్ర ఉన్న టిక్కెట్టు ఇప్పటిదాకా ఒక్కటీ బయటపడలేదు. నిఘంటువులు రాసేవాళ్లంతటి రసభంగకారులు ఇంకెవరూ ఉండరు. ఎవరు ఏ కథ తెచ్చినా, ముందు కాగితం చూపించు అంటారు. వాళ్లదే న్యాయమని ఒప్పుకుంటాను గానీ, విందుకు మాత్రం వాళ్లను పిలవను.

ఈ ఓడలన్నీ చూశాక సొంత మాటల వైపు తిరిగితే ఒక సంగతి నన్ను తికమక పెట్టింది. మనకీ సముద్రం ఉంది. వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా తీరం ఉంది. కోరంగిలో ఓడలు కట్టేవారు. 1839 తుఫాను ఆ ఊరిని తుడిచిపెట్టేదాకా అది పేరున్న రేవు. ఆ రేవు పేరుతోనే బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. కూలికి రంగం, అంటే రంగూన్, వెళ్లినవాళ్లు ఊరూరా ఉండేవారు. ఇంత సముద్రం దాటినవాళ్ల జాతీయాల్లో సముద్రం ఏది? మన మాటల్లో నీళ్లకు లోటు లేదు గానీ అవన్నీ మంచినీళ్లు. నమ్మినవాణ్ని నట్టేట ముంచుతాం. ఏరు దాటి తెప్ప తగలేస్తాం. ఏటికి ఎదురీదుతాం. కష్టం తీరితే గట్టెక్కామంటాం. ఖజానాకు నష్టం వస్తే ఆదాయానికి గండి పడిందని రాస్తాం. గండి, గట్టు రెండూ చెరువు మాటలే. కాకతీయుల నాటి రామప్ప, పాకాల చెరువుల కింద బతికినవాళ్లకు కట్ట తెగడం కంటే పెద్ద భయం ఏముంటుంది?

'పుట్టి మునగడం' చూడండి. "ఇప్పుడేం పుట్టి మునిగిందని?" అని రోజుకోసారైనా ఎవరో ఒకరు అంటారు. పుట్టి అంటే వెదురుతో బుట్టలా అల్లి, నీళ్లు దిగకుండా తోలు కప్పే గుండ్రటి పడవ. కృష్ణలో, తుంగభద్రలో మనుషుల్ని దాటించేది. ఏటి మధ్యలో అది మునిగితే ఎన్ని సంసారాలు మునుగుతాయో ఊహించుకుంటే, రైలు పది నిమిషాలు ఆలస్యమైనందుకు ఆ మాట వాడటానికి నోరు రాకూడదు. కానీ వస్తుంది, ఎందుకంటే పుట్టి కనిపించదు. మిగిలినవి పొలం మాటలు. కాడి పడేశాడు, పగ్గాలు అందుకున్నాడు, పంట పండింది, కోతలు కోస్తున్నాడు. రాష్ట్రం ఎవరు ఏలినా పేపర్ల భాషలో ఎద్దులబండి తోలుతూనే ఉంటారు.

సముద్రం మీద బతికే జాలర్లకూ వాడబలిజలకూ వాళ్ల మాటలు వాళ్లకున్నాయి. అవి పడవ దిగి ఒడ్డుకు రాలేదు, అంతే. బడి పుస్తకం రాసినవాడూ పేపరు నడిపినవాడూ ఎక్కువగా పొలం గట్టు నుంచో అగ్రహారం నుంచో వచ్చారు, వేట నుంచి రాలేదు. ఇంగ్లండులో ప్రెస్ గ్యాంగు చేసిన దుర్మార్గం ఇక్కడ జరగలేదు కాబట్టి రైతూ జాలరీ ఒకే ఓడలో తాళ్లు లాగాల్సిన అవసరం రాలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు వృత్తుల మాటలు పోగుచేసి మాండలిక వృత్తి పదకోశం మొదలుపెట్టినప్పుడు కూడా, 1962లో వచ్చిన తొలి సంపుటం వ్యవసాయం మీదే. న్యాయంగా మొదలు అక్కడే పెట్టాలి, కాదనను. తెల్లవాళ్ల ఓడల మీద చాకిరీ చేసిన మన దేశపువాళ్లను లస్కర్లనేవారు. మన దగ్గర ఆ పేరు ఇప్పుడు ఎవరికుందంటే, నీటిపారుదల శాఖలో కాలువ గట్ల మీద తిరుగుతూ తూములు చూసుకునే ఉద్యోగికి. సముద్రం మీద తిరిగిన ఆ ఒక్క మాటనూ మనం మంచినీళ్లలోకి దించుకున్నాం.

ఇప్పుడు కొత్త ఓడ ఎక్కాం. హైదరాబాదు సాఫ్ట్‌వేరు ఆఫీసుల్లో రాత్రిపూట అమెరికాతో మాట్లాడే పిల్లలు బేస్‌బాల్ ఎన్నడూ చూడకుండానే దాని మాటలు వాడతారు. ఖర్చు అంచనాకి 'బాల్‌పార్క్ ఫిగర్' అడుగుతారు. సోమవారం మళ్లీ 'టచ్ బేస్' చేద్దామంటారు. మా స్నేహితుడొకాయన ఆ రంగంలోనే పెద్ద పదవిలో ఉన్నాడు. 'స్టెప్ అప్ టు ద ప్లేట్' అంటే వడ్డించాక ముందుకొచ్చి కూర్చోమనడం లాంటిదేననుకుని చాలాకాలం హాయిగా వాడాడట. నిజానికి అది అన్నం ప్లేటు కాదు, బంతి కొట్టేవాడు నిలబడే చోట నేలకు బిగించే తెల్ల పలక. ముందుకొచ్చి బాధ్యత తీసుకోమన్న అర్థానికి ఆయన విస్తరి కూడా సరిగ్గానే సరిపోయింది. ఎవరూ కనిపెట్టలేదు, పనీ ఆగలేదు.

మన ఇంగ్లీషులోనూ ఇలాంటి పాత ఎముకలు లేకపోలేదు. ఊళ్లో లేడనడానికి 'అవుటాఫ్ స్టేషన్' అంటాం. వినేవాడికి రైల్వే స్టేషను మెదిలితే మెదలొచ్చు. అది కంపెనీ కాలంలో తెల్ల అధికారులూ పటాలాలూ ఉండే బస. ఆ బస ఖాళీ చేసి దొరలు వెళ్లిపోయి ఎన్నో ఏళ్లయినా, మన కాంట్రాక్టరు మాత్రం బిల్లు అడిగినప్పుడల్లా ఇంకా అవుటాఫ్ స్టేషనే.

ఆ స్నేహితుడి ఇంట్లో ఒక రాత్రి కూర్చుని ఉన్నాను. ఆయన రెండు ఫోన్లు మాట్లాడాడు. కొత్త సాఫ్ట్‌వేరు విడుదలలో ఏదో చిక్కుపడింది. అమెరికా వాడితో, "వుయ్ ఆర్ నాట్ అవుటాఫ్ ద వుడ్స్ యెట్" అన్నాడు. అది పెట్టేసి తన దగ్గర పనిచేసే కుర్రాడికి చేసి, "ఇంకా గట్టెక్కలేదురా, పొద్దున్నే వచ్చెయ్" అన్నాడు. ఒకే ఆపద నుంచి ఒక ఫోనులో అడవి దాటి రావాలి, ఇంకో ఫోనులో చెరువు గట్టెక్కాలి. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టి పెరిగాడు. అడవిలో దారి తప్పిందీ లేదు, ఈత వచ్చిందీ లేదు. సాఫ్ట్‌వేరు మాత్రం శుక్రవారానికి గట్టెక్కింది.